తొమ్మిదో పంకా

నెల్లిమర్ల,
14 జూన్ 2015

వదినగారికి,

వందనాలు. క్షేమం. వానలు మొదలయ్యాయి.

ఇక్కడ మిషనరీగా పనిచేసి వెళ్ళిన దొరసానిగారి మేనకోడలు కెనడా నుంచి మన చర్చికి ఒక క్యాలెండరు పంపింది. పన్నెండు నెలలకూ పన్నెండు పశువులశాలల ఫొటోలు. అక్కడి రైతులు చెక్క పలక మీద బొంత నమూనా రంగులతో వేసి, శాల గోడకి ఎత్తున బిగిస్తారట. దూరం నుంచి చూస్తే గోడ మీద బొంత ఆరేసినట్టు ఉంటుంది. జూన్ నెల ఫొటోలో ఉన్నది పద్మ పెళ్ళికి కుట్టి తెచ్చుకున్న బొంత. అంటే అదే నమూనా. పిల్లలు కొబ్బరాకుతో చేసుకునే గాలిపంకాలు, గడికి ఒకటి చొప్పున తొమ్మిది. చిన్నప్పుడు మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ కుట్టు నేర్పింది దొరసానిగారే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

అలాంటి పలక ఒకటి చేసి మా వరండా పైన, వీధికి కనపడేలా పెట్టాలని ఉంది. హుద్‌హుద్ తుఫానులో పడిన పనసచెట్టుని కోయించి ఉంచాను. చెక్క ఆరింది.

బొంత మీ దగ్గర ఉందని పాస్టరుగారి భార్య చెప్పింది. నేను తీసెయ్యమన్న సామాన్లతో పోయిందనుకున్నాను. దయచేసి పార్సిల్లో పంపండి. చూసుకుని వారంలో తిప్పి పంపుతాను.

రంగులు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. ఇరవై తొమ్మిదేళ్ళు కప్పుకున్న బొంత. రెండు మూడు గడులకి మించి రావడం లేదు.

జ్ఞానానందం


భావనపాడు,
22 జూన్ 2015

మరిది జ్ఞానానందానికి,

నీ ఉత్తరం చేరింది. పద్మ పోయాక రెండేళ్ళలో నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం. నేను ఆసుపత్రిలో రాసిన జ్వరం చార్టుల్లో ఇంతకంటే ఎక్కువ కబుర్లు ఉండేవి. అయినా ఫోను కంటే ఇదే మేలు. ఫోనులో నువ్వు "ఊ" అంటావు. నాకు కుడిచెవి వినపడదు, ఎడమచెవికి "ఊ" చాలదు.

బొంత పంపను.

మూడో రోజున నువ్వు వరండాలో కూర్చుని, "అన్నీ పట్టుకుపొండి, ఒక్కటీ ఇంట్లో ఉండకూడదు" అన్నావు. గుర్తుందా? బట్టలుతికే గురమ్మ బొంత చంకలో పెట్టుకుని గేటు దాటుతుంటే నేనే లాక్కున్నాను. "ఏటమ్మా, నర్సమ్మగోరు, దొంగోల్లలాగ లాగేసుకుంతన్నారు" అంది. నిజమే, దొంగనే. దొంగ తన సొత్తుని పోస్టాఫీసులో ఇవ్వదు.

కావాలంటే వచ్చి చూసుకో. నెల్లిమర్లలో పలాస పాసింజరు ఎక్కితే నౌపడలో దిగుతావు. అక్కడి నుంచి ఆటో. నువ్వు రెండేళ్ళుగా ఊరు దాటలేదని పాస్టరుగారి భార్య నాకూ చెప్పింది. ఆవిడ ఎవరి సంగతీ దాచుకోదు.

పక్కింటి లక్ష్మణమ్మకి నీ ఉత్తరం చదివి వినిపించాను. మొగుడు సముద్రం మీదకి వేటకెళ్ళినప్పుడు, ఊళ్ళోవాళ్ళకి నేను మందులిచ్చే గదిలో వచ్చి కూర్చుంటుంది. అంతా విని, "గోడకి బొంతెందుకమ్మా, సలేస్తాదేటి దానికి?" అంది. జవాబు రాయి.

దేవమణి


నెల్లిమర్ల,
30 జూన్ 2015

వదినగారికి,

చలికి కాదు, అందానికి అని లక్ష్మణమ్మకి చెప్పండి.

రావడం కుదరదు. పెరట్లో పద్మ నాటిన నందివర్ధనం ఉంది. రోజూ నీళ్ళు పొయ్యాలి.

బొంత పంపకపోతే మానె. రంగులు రాసి పంపండి.

జ్ఞానానందం


భావనపాడు,
8 జూలై 2015

మరిదికి,

ఇక్కడ ఐదు రోజులుగా ఒకటే వాన. పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. మీ వైపు కూడా వానేనని రేడియోలో చెప్పారు. అంత వానలో గొడుగు పట్టుకుని చెట్టుకి నీళ్ళు పోస్తున్న మనిషిని తలుచుకుని నేనూ లక్ష్మణమ్మా కడుపు పట్టుకుని నవ్వాం.

సరే, ఒక ఒప్పందం. గడికి ఒక పని. నేను చెప్పిన పని చేసి, చేసినట్టు రాయాలి. రాస్తే మరో గడి పంపుతాను. అబద్ధం రాస్తే నాకు తెలుస్తుంది. ముప్పై ఆరేళ్ళు "మందు మింగాను సిస్టర్" అనే వాళ్ళతో వేగినదాన్ని.

మొదటి గడి ముందుగానే ఇస్తున్నాను. పై వరస, ఎడమ మూల. అన్ని గడులకీ వెనక గుడ్డ తెలుపే. దీని పంకా ఆవపిండి రంగు. మా అమ్మ చీర. ఆ కొంగుతోనే మా ఇద్దరి ముక్కులూ తుడిచేది. ఆ సంగతి పలక మీద వెయ్యనక్కర్లేదు.

రెండో గడికి పని: చేపలు కొని, వండుకుని తిను. మూడు పూటలా గుడ్లే తింటున్నావట. ఎవరు చెప్పారని అడగకు.

దేవమణి


నెల్లిమర్ల,
16 జూలై 2015

వదినగారికి,

పని అయింది. కానాగంతలు, ఆరు. జంక్షన్‌లో చిన్నతల్లి దగ్గర కొన్నాను.

"ఏటి బాబూ, ఇన్నాల్లూ ఏటయిపోనారు? అమ్మగోరయితే ఆరు సెప్పి ఏడు ఏయించుకునీవోరు. మీరు ఆరంతే ఆరే అట్టుకుపోతన్నారు" అంది. ఏడోది తనే వేసింది.

ఉప్పు రెండుసార్లు పడింది. తిన్నాను.

రెండో గడి పంపండి.

జ్ఞానానందం


భావనపాడు,
25 జూలై 2015

మరిదికి,

ఏడు చేపలూ ఒక్కడివే తిన్నావంటే మనిషి బతికే ఉన్నాడన్నమాట. సంతోషించి రెండు గడులు ఇస్తున్నాను.

రెండోది ఇటుక రంగు. దొరసానిగారి కిటికీ తెర. ఆవిడ ఇవ్వలేదు, మేమే అడుగున ఒక జానెడు కత్తిరించాం. ఆ తెర ఎందుకు పొట్టిదయిందో ఆవిడకి కెనడా వెళ్ళేదాకా తెలియలేదు. ఆవిడ మేనకోడలికి ఈ సంగతి రాయకు.

మూడోది, పై వరస కుడి మూల, ముదురు నీలం. నాన్న లుంగీ.

ఈసారి బాకీతో కలిపి మూడు పనులు. ఒకటి, క్షౌరం. రెండు, చర్చిలో చివరి బల్ల వదిలి నీ పాత చోట కూర్చుని పాట గొంతెత్తి పాడు. మూడు, పద్మ కుట్టుమిషను తెరిచి నూనె వెయ్యి. వాడకపోతే తుప్పు పడుతుంది.

దేవమణి


నెల్లిమర్ల,
20 ఆగస్టు 2015

వదినగారికి,

క్షౌరం అయింది. పాట పాడాను. ముందు బల్లలో పసిబిడ్డ ఏడ్చింది. మిషనుకి నూనె వేశాను.

వడ్రంగి పోతురాజుకి పని అప్పగించాను. ఒకే పెద్ద పలక అయితే ఎండకి వంగుతుందని అతను అన్నాడు. అందుకని అడుగున్నర చదరాలు తొమ్మిది విడివిడిగా చేసి, వెనక చట్రానికి మరలతో బిగిస్తున్నాము. ఒకటి పాడైతే అదొక్కటే విప్పుకోవచ్చు.

"బాబూ, ఇది తలుపు కాదు, బల్లా కాదు, ఏటిది?" అన్నాడు.

బొంత అన్నాను.

చాలాసేపు చిత్రిక పట్టాడు. తర్వాత, "అయితే రేపు సెక్క తలగడ కూడా సెయ్యమంతారేటి" అన్నాడు.

నాలుగు, ఐదు గడులు పంపండి.

జ్ఞానానందం


భావనపాడు,
2 సెప్టెంబరు 2015

మరిదికి,

చెక్క తలగడ మాట విని లక్ష్మణమ్మ మీ పోతురాజుని చూడాలంటోంది.

నాలుగోది చిలకాకుపచ్చ. పద్మ పదో తరగతి పాసైతే నాన్న కొన్న ఓణీ. ఐదోది, నట్టనడుమది, గులాబి. అది మాత్రం కొత్త గుడ్డ. నడిమి గడికి పాతది వాడకూడదని పద్మ పట్టుపట్టింది.

మిషనుకి నూనె వేశానన్నావు. ఏ నూనె అని నేను అడగను.

ఆరు, ఏడు, ఎనిమిదికి పనులు: పోతురాజు ఇంట్లో ఒక పూట భోంచెయ్యి. విజయనగరం వెళ్ళి రంగులు నువ్వే ఎంచుకో, ఎవరినీ పంపకు. సాయంత్రాలు వరండాలో కూర్చో. లోపల కూర్చుంటే వీధికి నువ్వు ఉన్నావో లేవో తెలియదు.

దేవమణి


నెల్లిమర్ల,
18 అక్టోబరు 2015

వదినగారికి,

మీరు విడతలుగా పంపిన రంగులతో ఎనిమిది గడులూ పూర్తయ్యాయి. ఎలా చేశానో రాస్తాను. మీకు విసుగైతే లక్ష్మణమ్మకి చదివి వినిపించండి.

ముందు చెక్కని ఉప్పుకాగితంతో రుద్ది, తెల్ల ప్రైమరు రెండు పూతలు వేశాను. అది ఆరాక పెన్సిలుతో అడ్డం, నిలువు, ఐమూల గీతలు. గీత వెంట టేపు అంటించి, నడుమ రంగు వెయ్యాలి. రంగు పూర్తిగా ఆరకముందే టేపు లాగాలి. ఆరాక లాగితే అంచు పెచ్చులూడుతుంది. ఈ సంగతి తెలుసుకోవడానికి రెండో గడి మూడుసార్లు వేశాను. దొరసానిగారి తెరకి జరిగిన అన్యాయం అలా తీరిందనుకోండి. ఆవపిండి రంగుకి నాలుగు పూతలు పట్టాయి. నీలం రెండింటికే ఒప్పుకుంది.

మిల్లులో నేను చేసిన పని మీకు తెలుసు. గోనెసంచి చూడటం, కుట్టు తప్పితే ఎర్ర సుద్దతో గీత పెట్టి వెనక్కి పంపడం. బాగున్న సంచి మీద ఏ గుర్తూ పెట్టము. దోశ మాడినప్పుడల్లా పద్మ "పెట్టండి ఎర్ర గీత" అంటూ పళ్ళెం ముందుకి తోసేది. ఈ ఎనిమిదింటిలో గీత పెట్టవలసినది లేదు. అన్ని పంకాలూ కుడివైపే తిరుగుతున్నాయి. అంచులు అన్నీ కలిశాయి.

సాయంత్రాలు వరండాలోనే రంగులు వేస్తున్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి సలహాలు ఇస్తున్నారు. వద్దన్నా ఇస్తున్నారు.

తొమ్మిదోది కింది వరస, కుడి మూల. ఎంత తలుచుకున్నా రావడం లేదు. ఆ మూల ఎప్పుడూ పద్మ వైపు, పరుపు కింద దోపి ఉండేది. దాని రంగు, దాని పని రెండూ రాయండి.

జ్ఞానానందం


భావనపాడు,
27 అక్టోబరు 2015

మరిదికి,

తొమ్మిదోది ఉత్తరంలో రాయను. వచ్చి చూసుకో. అదే దాని పని.

దేవమణి


నెల్లిమర్ల,
10 నవంబరు 2015

వదినగారికి,

మీ ఉత్తరం నా ఉత్తరంలా ఉంది. ఒంట్లో బాగుందా? రాయండి.

తొమ్మిదోదాని గురించి మీరు శ్రమ పడనక్కర్లేదు. లెక్క కట్టాను. పై కుడి మూల మీ నాన్నగారి లుంగీ. కింది ఎడమ మూల కూడా అదే లుంగీ అని ఏడో గడి పంపినప్పుడు మీరే రాశారు. అంటే ఎదురెదురు మూలలు ఒకే రంగు. పై ఎడమ మూల మీ అమ్మగారి చీర కాబట్టి, దానికి ఎదురుగా ఉన్న తొమ్మిదోది కూడా అదే అయి ఉండాలి. ఆవపిండి రంగు వేశాను. మళ్ళీ నాలుగు పూతలు.

ఆదివారం ఆరాధన అయ్యాక పోతురాజూ నేనూ నిచ్చెన వేసి బిగించాము. ఫొటో జతపరిచాను. రైలు కట్ట మీద నుంచి కూడా కనపడుతోంది. చర్చిలో ముగ్గురు తమ ఇళ్ళకీ చేసిపెట్టమని అడిగారు. ఒకాయన ద్రాక్షగుత్తి వెయ్యమన్నాడు. పంకాలు మాత్రమే వేస్తానని చెప్పాను.

సరిగ్గా ఉందా?

జ్ఞానానందం


భావనపాడు,
24 నవంబరు 2015

జ్ఞానానందానికి,

ఫొటో చూశాను. చాలా బాగా వేశావు. పద్మ చూస్తే వీధంతా పిలుచుకొచ్చి చూపించేది.

తొమ్మిదోది తప్పు.

దాని రంగు లేత నీలం. నా మొదటి నర్సు యూనిఫారం. ఆ పంకా ఎడమవైపు తిరుగుతుంది. ఎనిమిదీ ఒక వైపు, అదొక్కటీ ఇంకో వైపు. అది కుట్టింది పద్మ కాదు, నేను.

ఇప్పటిదాకా నీకు చెప్పనిది ఇప్పుడు చెబుతాను. నీ సంబంధం వద్దన్నది నేనే. చూపుల రోజున గంటసేపు కూర్చుని నువ్వు మాట్లాడిన మాటలు మూడు. అందులో రెండు "వద్దండి", టిఫినుకి ఒకటి, కాఫీకి ఒకటి. ఈ మూగవాడితో నా చెల్లెలు ఎలా బతుకుతుందని నాన్నతో దెబ్బలాడాను. నా మాట ఎవరూ వినలేదు. పద్మ అసలే వినలేదు. పెళ్ళికి నాలుగు రోజులుందనగా, చివరి గడి నువ్వు కుట్టక్కా అని గుడ్డ నా చేతిలో పెట్టింది. హాస్టల్లో కూర్చుని కోపంతో కుట్టాను. ముక్కలన్నీ తిరగేసి కత్తిరించాను. అతికాక గాని చూసుకోలేదు.

విప్పి మళ్ళీ కుడతానన్నాను. పద్మ బొంత లాక్కుని, "ఉండనీ అక్కా, తొమ్మిదింట్లో ఒకటైనా నీ వైపు తిరగనీ" అంది. నాకు నవ్వొచ్చింది. కోపం అక్కడితో పోయింది.

పెళ్ళయ్యాక తెలిసింది, కుట్టు తప్పితే ఎర్ర గీత పెట్టేవాడిని కట్టుకుందని. నీ కంట పడితే విప్పించేస్తావని దాని భయం. అందుకే ఆ మూల పరుపు కింద దోపేది. పక్క నిన్ను వెయ్యనిచ్చేది కాదు. బొంత ఉతికితే నువ్వు మిల్లుకి వెళ్ళిన రోజునే ఉతికి, నువ్వొచ్చేలోగా ఆరేసి మడతపెట్టేది. ప్రతి క్రిస్మసుకీ నా చెవిలో, "ఇంకా పట్టుబడలేదక్కా" అనేది. ఇరవై తొమ్మిదేళ్ళు ఇదే మాకు ఆట.

ఇది ఉత్తరంలో రాస్తే నువ్వు నవ్వుతావో, బాధపడతావో నాకు తెలియదు. ఎదురుగా కూర్చుని చెప్పాలనుకున్నాను. అందుకే రమ్మన్నాను. నువ్వు లెక్క కట్టి కూర్చున్నావు.

పలక అలాగే ఉంచుకో. చూడటానికి బాగుంది.

దేవమణి


నెల్లిమర్ల,
1 డిసెంబరు 2015

వదినగారికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను.

"పక్క మీరు వెయ్యకండి, ముడతలు పడతాయి" అనేది. నేను నిజంగానే ముడతలు పడేలా వేస్తాననుకున్నాను. రోజుకి కొన్ని వందల సంచులు చూసేవాడిని. ఇంట్లో ఒక్క గడి చూడలేదు.

చూపుల నాటి మూడో మాట ఏదో మీరు రాయలేదు. పద్మ కిటికీ దగ్గర నిలబడి ఉంది. "వానొస్తోంది" అన్నాను.

ఒక సంగతి ఒప్పుకోవాలి. మిషనుకి నూనె వేశానన్నది అబద్ధం. మీకు తెలుసునని నాకు తెలుసు. మూత తియ్యలేకపోయాను. మీ ఉత్తరం వచ్చాక నిన్న తీశాను. తుప్పు పట్టలేదు. సొరుగులో బొత్తాలు, దారాలు, ఒక అగ్గిపెట్టె ఉన్నాయి. అగ్గిపెట్టె నిండా ఎర్ర సుద్ద ముక్కలు. నా చొక్కా జేబుల్లోంచి తీసినవి. గుడ్డ మీద కొలతలకి గీతలు గీసుకునేది కాబోలు. మిల్లులో నాకు సుద్ద ఎప్పుడూ తక్కువొచ్చేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

తొమ్మిదో పలక విప్పాను. పోతురాజు చిత్రిక పట్టి ఆవపిండి రంగు పూర్తిగా తీసేశాడు. ప్రైమరు వేసి తెల్లగా ఉంచాను. శనివారం పాసింజరుకి వస్తున్నాను. పలక, టేపు, రెండు కుంచెలు, లేత నీలం డబ్బా తెస్తాను. అది మీరే వెయ్యాలి. నా చెయ్యి మళ్ళీ కుడివైపే తిప్పుతుంది.

నందివర్ధనం సంగతి పాస్టరుగారి భార్యకి అప్పగించాను. వాన పడితే నీళ్ళు పొయ్యవద్దని చెప్పాను.

జ్ఞానానందం


నెల్లిమర్ల,
15 డిసెంబరు 2015

వదినగారికి,

నిన్న చేరాను. రైలు గంట ఆలస్యం. లక్ష్మణమ్మ కట్టి ఇచ్చిన ఎండుచేపల వల్ల పెట్టెలో నా చుట్టూ చోటు బాగా దొరికింది. ఆమెకి నా కృతజ్ఞతలు.

మీరు రంగు ఆరాక టేపు లాగారు. లాగొద్దని రెండుసార్లు చెప్పాను. మీ ఎడమచెవి వైపే కూర్చుని చెప్పాను. దానివల్ల రెండు చోట్ల అంచు లేచింది. ఒక రేకు కొంచెం లావు. నా ఎర్ర సుద్ద గీతలు, అంటే పద్మ అగ్గిపెట్టెలోని సుద్దతో గీసి ఇచ్చినవి, వాటిని సగం చోట్ల రంగు దాటిపోయింది. "నర్సమ్మగోరు రంగేసినట్టు లేదు, కట్టు కట్టినట్టున్నాది" అన్న లక్ష్మణమ్మ మాటలో న్యాయం ఉంది.

బొంత క్షేమంగా తెచ్చాను. దొంగ సొత్తు తిరిగి ఇచ్చినందుకు కూడా కృతజ్ఞతలు. రాత్రి కప్పుకున్నాను. ఆ మూల దోపలేదు.

ఈ ఉదయం పలక బిగించాము. పోతురాజు నిచ్చెన దిగి, వీధి అవతలికి వెళ్ళి, చాలాసేపు చూశాడు. "బాబూ, ఆ మూలది ఎనక్కి తిరుగుతన్నాది. మీరు సూసుకోనేదేటి? ఇప్పి తిరగేసెత్తాను, సిటికెలో పని" అన్నాడు.

ఎటు తిప్పి బిగించినా పంకా అలాగే తిరుగుతుందని చెప్పాను. నమ్మలేదు.

"పోనీ, కొత్తది సేసెత్తాను."

"ఉండనీ" అన్నాను.

అతను వెళ్ళాక నిచ్చెన ఎక్కి నేనే మరోసారి చూశాను. ముందూ వెనకా చూశాను, అంచులు తడిమి చూశాను. మిల్లులో ఎలా చూసేవాడినో అలాగే. జేబులో ఎర్ర సుద్ద ఉంది.

ఏ గుర్తూ పెట్టలేదు.

జ్ఞానానందం